యాన్బు సముద్రంలో ఊరందరి మునకలు

సౌదీ నుంచి వచ్చిన మర్నాడు నేను బీడీల సెంటర్‌కు పోతే అందరూ చుట్టుముట్టారు. ఒకరు ఖర్జూరాలేవన్నారు, ఒకరు ఎండ ఎట్లుందన్నారు. గంగవ్వ మాత్రం, "నా పేరు మీద మునిగినవా లేదా, అది చెప్పు ముందు" అంది.

మునిగాను. మునిగి, ఆ దేశంలో నలుగురి ముందు విజిల్ కూడా ఊదించుకున్నాను. ఆ సంగతి చెప్పమని వాడకట్టులో ఒక్కొక్కరూ అడుగుతుంటే, చెప్పీ చెప్పీ గొంతు పోయింది. నాది అసలే బొంగురు గొంతు. అందుకని ఇప్పుడు ఒక్కసారే చెప్పేస్తున్నాను. నాకు సంతకం వరకే చదువు. ఎదురింటి రజిత రాస్తోంది. నా మాటలను కొంచెం సాపు చేసుకుంటానంది, చేసుకోనీ. మనుషులు మాట్లాడుకున్నవి మాత్రం ఉన్నవున్నట్టు పెట్టమన్నాను.

జిద్దా నుంచి

నా బిడ్డ జమున, అల్లుడు, మనవరాలు హన్సి జిద్దాలో ఉండేవాళ్లు. అల్లుడిది ఏసీల పని. నన్ను చూడటానికి రమ్మని వీసా తీశారు. నా గడువు ఇక కొద్దిరోజుల్లో అయిపోతుందనగా, మూడు రోజులు యాన్బు పోదామని అల్లుడు కారు అడిగి తెచ్చాడు. యాన్బు జిద్దాకు పైన, అదే సముద్రం ఒడ్డున ఉంది. ఒక పక్క పొగగొట్టాలు, నూనె ఫ్యాక్టరీలు. ఇంకో పక్క బీచులు, పిల్లల ఆటలు, తోటలు. సెలవు వస్తే మదీనా దాకా ఉన్నవాళ్లంతా పిల్లల్ని తీసుకుని అక్కడికే వస్తారట.

మేము పోయింది మాత్రం ఉత్త సరదాకు కాదు. కంపెనీ అల్లుడిని యాన్బు ఫ్యాక్టరీకి మార్చింది. అక్కడ ఉండటానికి క్యాంపు ఇస్తారు. క్యాంపులో ఆడవాళ్లకు, పిల్లలకు చోటు లేదు. అందుకని జమునకు, హన్సికి ఎగ్జిట్ కొట్టించి నా వెంట పంపేద్దామని అల్లుడు అనుకున్నాడు. అట్లా వచ్చేస్తే మళ్లీ పోవడం ఉండదు. పంపే ముందు ఒకసారి సముద్రం చూపిద్దామని ఈ ప్రయాణం.

బయలుదేరే ముందు రోజు వంటింట్లో జమున నా చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, నువ్వు ఒక్క మాట చెప్పరాదే ఆయినకు. యాన్బుల చిన్న రూం దొరకదా? నేను ఇంటికి రానే. నాకు ఈడనే మంచిగున్నది."

"నేను అల్లునితోని ఎట్ల మాట్లాడుతనే?"

"గీ కాలంల గూడ గదేందే! నేను చెప్తే కొట్లాట అయితుంది. నీ మాటైతే కాదనడు."

మీకు తెలుసు కదా, మా ఇండ్లలో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. ఆయన కూర్చుంటే ఈమె కూర్చోదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. పెళ్లయిన నాటి నుంచి ఆయనకు నేను నేరుగా చెప్పిన మాట ఒక్కటి లేదు. జిద్దాలో కూడా అన్నీ హన్సితోనే చెప్పించేదాన్ని.

ఇంకోటి కూడా చెప్పాలి. జమునకు అత్తమామలు లేరు. ఇంటికి వస్తే నా దగ్గరే ఉంటుంది. మా ఆయన పోయిన తర్వాత నాకు సగం వండుకోవడం అలవాటైంది. పొయ్యి దగ్గర ఇంకో మనిషి తిరుగుతుంటే ఎట్లా ఉంటుందో మరిచిపోయాను. నా బిడ్డ నా దగ్గరికి వస్తుంటే, రానివ్వొద్దని నేనే ఎందుకు చెప్పాలి? అందుకే నాకు నోరు రాలేదు. "సూద్దాం తీ" అని, మర్నాడు కారెక్కాను.

దారిలో చాయ్

ఆ దారిని ఎంత వర్ణించినా ఇసుకే. ఒక పక్క ఇసుక, ఇంకో పక్క ఇసుక, అప్పుడప్పుడు ఒంటెలు. మనకు బర్రెలు రోడ్డుకు అడ్డం వచ్చినట్టు అక్కడ అవి వస్తాయేమో అనుకున్నాను. రావు, కంచె వేసి ఉంది.

రాబిగ్ అనే ఊరు దాటాక ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగాము. చాయ్ రెండు రియాళ్లు. యాలకులు వేసి చిక్కగా కాచారు. పోసినవాడు కేరళ మనిషి. నేను చీర మీద జమున ఇచ్చిన నల్ల బుర్ఖా వేసుకున్నాను కానీ అంచు కింద నుంచి చీర కనబడుతోంది. దాన్ని చూసి బంకులో పైపు పట్టుకుని నేల కడుగుతున్న మనిషి దగ్గరికి వచ్చాడు.

"ఏ ఊరు పెద్దమ్మా?"

"మెట్‌పల్లి దిక్కు బిడ్డా. నీది?"

"ఆర్మూర్ అవుతల. అబ్బ, మన చీర సూసి ఎన్నొద్దులైందో!"

ఆయన హన్సికి రెండు నీళ్ల సీసాలు తెచ్చి ఇచ్చాడు. పైసలు వద్దన్నాడు. జమునను, అల్లుడిని, పాపను వరసగా చూశాడు.

"అందరు ఒక్కతాన ఉంటున్రా? మంచిది. నా భార్య ఈ దేశాన్ని ఫోన్లనే సూసింది. నేను గూడ నా పిల్లల్ని ఫోన్లనే సూసిన."

నవ్వుతూనే అన్నాడు. అల్లుడు వినీ విననట్టు కారు అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. చెప్పాలంటే అప్పుడే చెప్పొచ్చు. నేను చాయ్ తాగాను.

చేపల బజారు

యాన్బులో మొదటి పూట చేపలు. రేవు పక్కనే బజారు. నేల మీద ఎక్కడా నీళ్లు లేవు, ఈగ లేదు, మంచు గడ్డల మీద చేపలు పడుకోబెట్టి ఉన్నాయి. ఎరుపువి, నీలివి, చిలక ముక్కు ఉన్నవి. మన చెరువు రవ్వ చేపలు వాటి పక్కన పెడితే పనిమనుషుల్లా ఉంటాయి. మనకు నచ్చింది తీయించుకుని పక్క గదిలో ఇస్తే వాళ్లే కడిగి, కోసి, కాల్చి, అన్నంతో సహా ఇస్తారు.

అమ్మేవాడు ధర చెప్పగానే జమున, "లా, లా! గాలీ!" అని చెయ్యి ఊపింది. ఎక్కువ చెబుతున్నావని. వాడేదో అన్నాడు, ఇదేదో అంది. వాడు తల పట్టుకున్నాడు, ఇది నడిచి వెళ్లిపోతున్నట్టు రెండడుగులు వేసింది. వాడు పిలిచాడు. చివరకు చేపతోపాటు గుప్పెడు రొయ్యలు కూడా వచ్చాయి. చేప కోసే బంగ్లాదేశ్ అతనితో మళ్లీ హిందీలో నవ్వుకుంటూ మాట్లాడింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఊళ్లో ఉన్నప్పుడు ఈ పిల్ల అంగడికి పోతే దుకాణందారు ఎంత చెబితే అంత ఇచ్చి వచ్చేది.

తినడానికి కుటుంబాలకు వేరే గదులు, తెర దించుకుంటారు. అంతవరకు బాగానే ఉంది. లోపల కుర్చీల్లేవు. కింద పలుచటి ప్లాస్టిక్ కవరు పరిచి, మధ్యలో బండి చక్రమంత పళ్లెం పెట్టారు. ఒకటే పళ్లెం! గోధుమ రంగు అన్నం, పైన కాల్చిన చేప, చుట్టూ నిమ్మకాయలు. అందరూ అందులోనే చేతులు పెట్టి తినాలి. అల్లుడితో ఒక్క పళ్లెంలో! నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. జమున నా వాటా ఒక మూత మీద పెట్టి ఇచ్చింది.

"హన్సీ, మీ డాడిని ఇంకింత పెట్టుకోమను."

"డాడీ, ఇంకింత పెట్టుకోవాల్నట."

"సాలని చెప్పు."

"సాలట అమ్మమ్మా." పాప అన్నం నమలడం ఆపింది. "డాడీ ఈడనే ఉన్నడు గదా. నీకు ఇనవడ్తలేదా?"

జమునకు నవ్వుతో పొలమారింది. అల్లుడు కూడా నవ్వాడనుకుంటా. నేను గోడ వైపే ఉన్నాను కదా, చూడలేదు. చేపలోకి వాళ్లిచ్చిన పచ్చడి మాత్రం చింతపండుది. సౌదీలో చింతపండు! కొంచెం ఉప్పు తక్కువైంది కానీ, మన చేతి పచ్చడే అనిపించింది.

షరమ్ ఒడ్డు

మర్నాడు శుక్రవారం. ఊరికి ఉత్తరాన షరమ్ అనే చోట సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చి ఉంది. అలలు పెద్దగా రావు, అందుకని పిల్లలున్నవాళ్లు అక్కడికే పోతారు. మధ్యాహ్నం తిరగగానే కార్లు వరస కట్టాయి. ఒక్కో కారులోంచి ఎన్ని దిగుతాయో! చాపలు కాదు, ఇంట్లో పరిచే మంచి తివాచీలు. దిండ్లు. చాయ్ ఫ్లాస్కులు, కాఫీకి వేరే ఫ్లాస్కు, బొగ్గుల కుంపటి, ముసలమ్మకు మెత్తటి కుర్చీ. మనం జాతరకు ఎడ్లబండి కట్టుకుని పోయినట్టే. మనం రెండు రోజులకు కట్టుకునేది వాళ్లు ఒక్క సాయంత్రానికి కట్టుకొస్తారు.

పిల్లలకు ఉయ్యాలలు, జారుడు బండలు, ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండ్లు ఉన్నాయి. ఒక గుర్రం కూడా ఉంది. హన్సి గుర్రమెక్కి, ఎక్కగానే దింపమని ఏడ్చింది, దింపగానే ఎక్కించమని ఏడ్చింది.

నన్ను ఆపింది నీళ్ల రంగు. మన గోదారి వానాకాలం ఎట్లుంటుందో మీకు తెలుసు, చాయ్ రంగు. ఇది నీలిమందు కలిపినట్టుంది. ఒడ్డున నిలబడితే నా కాలి వేళ్లు నాకే కనబడుతున్నాయి. ఆడవాళ్లు నల్ల బుర్ఖాలతోనే మెడ దాకా నీళ్లలో కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. బట్టలతో స్నానం చేయడం మన రేవులోనే అనుకున్నాను, ఇక్కడ కూడా అంతే. నాకు ధైర్యం వచ్చింది.

సెంటర్లో నాకు చెప్పి పంపినవాళ్లు చాలామంది. రాలేనివాళ్ల పేరు మీద మునక వేయడం మనకు ఉన్నదే కదా. సముద్రం దాకా పోతున్నావు, మా పేరు మీద కూడా వెయ్యమన్నారు. నడుము లోతుకు పోయి, తూర్పుకు తిరిగి, ముక్కు మూసుకుని మొదలుపెట్టాను. మొదటిది మా ఆయనకు. ఆ పేరు పైకి చెప్పలేదు. తర్వాత వరసగా అందరికీ. పేరు గట్టిగా చెప్పకపోతే వాళ్లకు చెందదంటారు. అందుకని లేచి ఊపిరి తీసుకుని, "గంగవ్వా!" అని అరిచి మునిగాను. లేచి "నర్సవ్వా!" అన్నాను. మునిగాను. ఉప్పుకు కండ్లు మండుతున్నాయి. "లచ్చవ్వా!"

ఎక్కడో విజిల్ ఊదారు. ఎవరికో అనుకున్నాను. "పోసవ్వా!" అని మునిగి లేచేసరికి ఒక నల్లటి కుర్రాడు, ఎర్ర బనీను, నా జబ్బ పట్టుకుని ఒడ్డుకు గుంజుతున్నాడు. ఎత్తు కుర్చీలో కూర్చుని ఈతగాళ్లను కనిపెట్టుకుని ఉండేవాడు. నేను వదలమని నా బొంగురు గొంతుతో అరిచాను. నా అరుపు విని, నేను ఇంకా భయపడ్డాననుకుని, అతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నీళ్లలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

"అత్తమ్మా!" అని అల్లుడు ప్యాంటుతోనే నీళ్లలోకి పరుగెత్తుకొచ్చాడు. రెండు బారల దూరంలో టక్కున ఆగిపోయాడు. అత్తను ముట్టుకోకూడదు, మరి ఏం చేయాలో తెలియదు. మోకాళ్ల లోతులో చేతులు చాపి నిలబడ్డాడు పాపం.

అప్పుడు జమున వచ్చింది. పరుగెత్తలేదు. నీళ్లలో నడుచుకుంటూ వచ్చి, ఆ కుర్రాడి ముందు నిలబడి అరబ్బీలో మాట్లాడింది. మెల్లగా, ఒక్కో మాట చేత్తో చూపిస్తూ. నన్ను చూపింది, ముక్కు మూసుకుని చూపింది, దూరంగా ఎక్కడో ఊరిని చూపింది. అతను వింటున్నాడు. ఒక్కసారిగా నా చెయ్యి వదిలి, తల మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు.

"ఏమంటుండే?" అన్నాను.

"ఒక్కొక్క అరుపుకు ఒక్కొక్కసారి మునుగుతున్నది, ముసలామె పని అయిపోయిందనుకున్నడట."

"ముసలామె ఎవరే?"

పక్కనే నీళ్లలో కూర్చున్న సౌదీ ఆమె, నా ఈడుదే, అంతా విని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఏదో అంది. జమున చెప్పింది: "ఆమె బిడ్డలు ఇద్దరు ఒడ్డున ఫోన్లు పట్టుకొని కూసున్నరట. బతిమిలాడినా నీళ్లల్లకు రారట. వాళ్ల పేరు మీద గూడ రెండు వెయ్యమంటున్నది."

వేశాను. ఆ పేర్లు నా నోటికి తిరగలేదు, ఆమే అరిచింది, నేను మునిగాను. ఎర్ర బనీను కుర్రాడు నా మునకలన్నీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. పోలీసు కాపలాతో స్నానం చేసింది మన ఊరి మొత్తంలో నేను ఒక్కదాన్నే ఉంటాను.

అంతా అయ్యాక జమున తల తుడుస్తూ అడిగింది. "అందరి పేరు మీద వేసినవ్. నా పేరు మీద ఏదే?"

"రాలేనోళ్ల పేరు మీద వేస్తరు గని, నువ్వు ఈడనే ఉన్నవ్ గదనే. నీది నువ్వే మునుగు."

అది ఒక నిమిషం నన్ను చూసింది. తువ్వాలు నా చేతిలో పెట్టి, ముక్కు మూసుకోకుండానే మునిగి, పది బారల అవతల లేచింది. దానికి ఈత ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. తడి తువ్వాలు పట్టుకుని నేను ఒడ్డున కూర్చున్నాను. సౌదీ ఆమె కాఫీ పంపింది, పచ్చగా, చేదుగా ఉంది. మూడు ఖర్జూరాలు తింటే గానీ ఒక గుక్క దిగలేదు. అల్లుడికి చెప్పాల్సిన మాటను ఇంకా దాచుకోవడం తప్పని అక్కడ తేలింది నాకు.

పడవల చెరువు

ఆ సాయంత్రమే పిల్లల తోటకు పోయాము. ఎడారిలో అంత గడ్డి ఎట్లా పెంచారో! మధ్యలో చెరువు తవ్వి, బాతులను వదిలి, కాళ్లతో తొక్కే పడవలు పెట్టారు. చుట్టూ తిరిగే చిన్న రైలు ఉంది. మొక్కజొన్న కంకుల బండి కూడా ఉంది, కానీ వాళ్లు కాల్చరు, గింజలు వలిచి వెన్న పోసి గ్లాసులో ఇస్తారు. కంకి పట్టుకుని కొరకని మొక్కజొన్న నాకు ఎక్కలేదు.

జమున, హన్సి పడవ ఎక్కారు. సిమెంటు బల్ల మీద ఆ కొసన అల్లుడు కూర్చున్నాడు, ఈ కొస పక్కన నేను నిలబడ్డాను. మధ్యలో చెప్పడానికి పాప లేదు.

"అల్లుడా" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"కూసో. నా దిక్కు సూడకు, పడవ దిక్కు సూడు. నేను గూడ గటే సూస్త."

కూర్చున్నాడు. నేను కూడా కూర్చున్నాను.

"జమునను పంపకు."

"క్యాంపుల ఉండనియ్యరు అత్తమ్మా."

"క్యాంపు సంగతి ఎవరడిగిన్రు? ఊర్లె రూం సూడు. నువ్వు వారానికోసారి వచ్చినా అది ఉంటది. ఇందాక నీళ్లల్ల సూసినవ్ గదా. మెట్‌పల్లిల బస్సెక్కాలంటే నా కొంగు పట్టుకునేది గా పిల్ల."

"అది ఉంటదని నాకు ఎరుకే." ఆయన గొంతు తగ్గింది. "నీ గురించే అత్తమ్మా. నీతోని ఫోన్ మాట్లాడి పెట్టేసినంక రోజు ఏడుస్తది, అవ్వ ఒక్కతే ఉన్నదని. నాకు క్యాంపు ఎట్లయినా తప్పదు, గిట్లనన్న మీ ఇద్దరికి తోడైతదని అనుకున్న."

పడవలో హన్సి చెయ్యి ఊపుతోంది, నేను కూడా ఊపాను.

"నా సంగతి నేను సూసుకుంట. నాకు బీడీలున్నయ్, గంగవ్వ ఉన్నది, నోరున్నది."

ఆయన నవ్వాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. మొత్తం నిజం కూడా కాదు. కానీ మొత్తం చెప్పి ఉంటే ఆయన రూం చూసేవాడు కాదు.

పడవ ఒడ్డుకు తగలకముందే హన్సి లేచి నిలబడి అరిచింది. "అమ్మీ! అమ్మమ్మ డాడీతోని మాట్లాడింది! నేను సూసిన!"

జమున నా మొఖం చూసింది, ఆయన మొఖం చూసింది. అల్లుడు "సూద్దాం" అన్నాడు. మగవాళ్ల "సూద్దాం" నాకు తెలియనిది కాదు. మా ఆయన ఆ మాట అన్నాడంటే ఆ పని అటకెక్కినట్టే.

పాత ఊరి గల్లీలు

మూడో రోజు పొద్దున తిరుగు ప్రయాణం. పోయే ముందు పాత ఊరు చూపిస్తానన్నాడు అల్లుడు. సముద్రపు రాయితో కట్టిన తెల్లటి ఇండ్లు, చెక్కిన కట్టె కిటికీలు, కొత్తగా సున్నం వేసి చూడటానికి పెట్టారు. దుకాణాల్లో తేనె, నెయ్యి, అత్తరు. ఒక ముసలాయన హన్సి ముంజేతికి అత్తరు రాసి, తీసుకోకపోయినా ఫరవాలేదు పో అన్నట్టు చెయ్యి ఊపాడు. కూర్చుని అమ్మేవాళ్లకు తొందర లేదు అక్కడ.

జిద్దా రోడ్డు ఎడమకు. కారు కుడికి తిరిగింది. చూడటానికి పెట్టిన ఇండ్లు అయిపోయి, మనుషులు ఉండే ఇండ్లు మొదలయ్యాయి. తాడు మీద బట్టలు, మెట్ల కింద పిల్లల సైకిళ్లు. ఒక మూడంతస్తుల ఇంటి ముందు కారు ఆగింది. గోడకు అరబ్బీలో ఏదో బోర్డు ఉంది.

"ఏం రాసుందే?" అన్నాను జమునను.

అది బోర్డు చదివింది. మళ్లీ చదివింది. "కిరాయికట" అంది.

కాపలా ఉన్న యెమెన్ ముసలాయన తాళాలు తెచ్చి పైకి తీసుకుపోయాడు. ఒక గది, ఒక వంటిల్లు, చిన్న స్నానాల గది. అల్లుడు పోగానే ఏసీ మూత విప్పి చూశాడు, ఆయన పని అది. హన్సి గది చివరి నుంచి చివరి దాకా పరుగెత్తింది. జమున మధ్యలో నిలబడి ఏమీ ముట్టుకోవడం లేదు. ముట్టుకుంటే పోతుందేమో అన్నట్టు.

అల్లుడు ఏసీ మూత పెట్టి నా వైపు తిరిగాడు. హన్సిని పిలవలేదు.

"ఎట్లున్నది అత్తమ్మా?"

బాగాలేదని నేను చెయ్యి ఊపితే ఆ పూటకు కథ అక్కడితో ఆగుతుంది. జిద్దా పోయాక పనులు మీద పడతాయి, రోజులు అయిపోతాయి, విమానంలో నా పక్కన ఇద్దరు కూర్చుంటారు. ఇదంతా నాకు తెలుసు. వంటింట్లోకి పోయాను. నీళ్లు తిప్పాను, వచ్చాయి. పొయ్యి పెట్టే బండ నా నడుము ఎత్తుంది. నాలుగు గోడలు చూశాను, కిటికీ ఎక్కడా లేదు.

"ఇది వద్దు" అన్నాను.

జమున మొఖం నల్లబడింది.

"వంటింట్లకు గాలి రాదు. పొద్దంత అండ్ల నిలవడేది నా బిడ్డ. ఎదురుంగ బిల్డింగుకు గూడ గిసొంటి బోర్డే ఉన్నది, వచ్చేటప్పుడు సూసిన. పా అల్లుడా, అది సూద్దాం."

అని, వాళ్లు కదిలేదాకా ఆగకుండా నేనే ముందు మెట్లు దిగాను.